ఉగ్గుగిన్నె మొదలు ఊరిబడి వఱకు



శిశుపోషణము స్త్రీలకు సంబంధించిన విషయము, దానిని గూర్చి గ్రామపెద్దలకు ప్రసంగించుట యేల యని మీలో కొందఱు తలపవచ్చును. బిడ్డను కన్నది తల్లియే, పాలిచ్చునది తల్లియే, రాత్రులు మేల్కొనునదియు తల్లియే. కాని ఆ బిడ్డ నోట మొట్టమొదట నేమి పడవలెనో నిర్ణయించునది మాత్రము పెక్కిండ్లలో తల్లి కాదు. అత్తగారు నిర్ణయించును, అమ్మమ్మ నిర్ణయించును, పురోహితుని నడిగి తాతగారు నిర్ణయించును. పురిటిమంచముమీద నున్న యిల్లాలు తలయూచుటయే గాని మాఱుపలుకుట యరుదు. కావున తల్లులకు చెప్పదలచిన మాటలలో సగము ముందుగా మనకే చెప్పవలసి యున్నది. నేను వైద్యుడను గాను. సంస్కృతాంధ్రములు చదివికొని, పల్లెబడులలో పిల్లలకు చదువు చెప్పి, పని విరమించినవాడను. వైద్యులు తేల్చి చెప్పిన విషయములను, మన శాస్త్రములందు చదివినవానిని, బడిలో కన్నులార చూచినవానిని కలిపి మీకు మనవి చేసెదను.

మన యిండ్లలో నొక ముచ్చటైన ఆచారము కలదు. బిడ్డ బోరగిలినచో బొబ్బట్లు పంచుదురు. ఆసరా లేక కూర్చున్నచో కుడుములు వండుదురు. ప్రాకుచు గడప దాటినచో గారెలు, అడుగులు వేసినచో అరిసెలు, మాటలు వచ్చినచో పంచదారచిలుకలు. ప్రాంతమును బట్టి పిండివంట మాఱునే గాని ఆచారము మాఱదు. మాటకు మాట కలియుటకై పుట్టిన వేడుకగా మనము దీనిని చూచుచున్నాము. కొంచెము నిదానించి చూడుడు. బిడ్డ తల్లిని గట్టిగా కఱచుకొన్న దినమున పండుగ లేదు. తల్లి యొడినుండి జానెడు దూరము పోయిన ప్రతిదినమునను పండుగ యున్నది. బోరగిలుట ప్రక్కకు తొలగుట, గడప దాటుట గది విడుచుట, నడచుట చంక దిగుట, మాటలాడుట తన కోరికను తానే తెలుపుకొనుట. బిడ్డ తన పని తాను చేసికొన నేర్చిన కొలదిని ఇరుగుపొరుగులకు పిండివంటలు పంచిన మన పూర్వులు పెంపకము యొక్క పరమార్థము నెఱిగినవారు. బిడ్డకు చేయవలసినది చేయుట యెంత ముఖ్యమో, చేయనక్కఱలేని దినము వచ్చినప్పుడు మానుటయు నంత ముఖ్యము. ఈ రెండింటిని గూర్చియే నేటి నా ప్రసంగము.

మొదట చేయవలసినదానిని చూతము. కాన్పయిన గంటలోపల బిడ్డను రొమ్మునకు చేర్పవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ ఉపదేశించుచున్నది. మొదటి రెండు మూడు దినములందు వచ్చు పసుపుపచ్చని చిక్కని పాలకు ముర్రుపాలని పేరు. ఇవి చెడ్డపాలనియు, బిడ్డ కఱుగవనియు చెప్పి పిండి పాఱబోయించి, మూడవనాటి వఱకు పంచదారనీళ్లో, ఆవుపాలో పోయు అలవాటు కొన్ని యిండ్లలో నింకను పోలేదు. ముర్రుపాలు కొలతకు కొద్దియే, చెంచాలతో కొలువదగినంత. కాని అప్పుడే పుట్టిన బిడ్డ కడుపును చిన్నదియే. రోగములను నిరోధించు పదార్థములు ఆ కొద్దిపాలలో మెండుగా నున్నవి. దూడ పుట్టగానే దానిని పొదుగు దగ్గఱకు చేర్చి జున్నుపాలు కుడువనిచ్చుట, ఆ పాలు దక్కని దూడ నిలుచుట కష్టమని యెఱుగుట మన రైతునకు పుట్టుకతో వచ్చిన తెలివి. ఆ తెలివి పెరటికొట్టమునుండి పురిటిగది వఱకు నడచి రాకపోవుట వింతగా నున్నది.

తేనె నాకించుటను గూర్చి ప్రత్యేకముగా చెప్పవలెను. జాతకర్మయందు తేనెను, నేతిని శిశువు నాలుకకు తాకించుట శాస్త్రవిహితమే. ఆ గ్రంథములు నేనును చదివితిని. కాని తేనెలో నొకవిధమైన సూక్ష్మజీవి బీజములుండవచ్చుననియు, ఏడాది నిండని శిశువు ప్రేవులలో అవి మొలకెత్తి, విషమును పుట్టించి, కండరములను చచ్చుపడజేయుననియు వైద్యులు కనుగొనిరి. ఈ శిశురోగమును 1976లో గుర్తించిరి. తేనెతో దీనికిగల సంబంధము అటుపిమ్మట తేలినది. రోగము అరుదైనదే. వచ్చినచో మాత్రము ప్రాణము మీదికి రావచ్చును. అందుచేత పండ్రెండు నెలలు నిండువఱకు బిడ్డకు తేనె తగదని నేటి వైద్యుల మాట. శాస్త్రము బిడ్డ దీర్ఘాయువును కోరియే ఆ విధిని చెప్పినది. ఆయువునకు హాని కలుగవచ్చునని తెలిసిన పిదప, విధిలోని వస్తువును పట్టుకొని దాని ప్రయోజనమును విడుచుట శాస్త్రగౌరవము కానేరదు. మంత్రములు చదివింపుడు, ఆశీర్వదింపుడు, తేనెగిన్నెను దేవుని ముందుంచుడు. బిడ్డ నోట మాత్రము తల్లిపాలే పడనిండు.

ఆఱు నెలలు నిండువఱకు తల్లిపాలు తప్ప నీరైనను పోయవలసిన పని లేదు. రోహిణికార్తె యెండలలో బిడ్డ గొంతు ఎండిపోవునే యని ముసలమ్మలు బెంగపడుదురు. తల్లిపాలలో నూటికి 87 పాళ్లు నీరే. ఆకలికిని దాహమునకును ఆ పాలే చాలును. ఎండలు ముదిరినప్పుడు మఱి రెండుమాఱులు కుడిపినచో సరిపోవును. వసకొమ్ము అరగదీసి నాకించుట, కడుపు శుభ్రమగునని ఆముదము పోయుట మొదలగువానిని ఇప్పటి శిశువైద్యులు వలదనుచున్నారు. వైద్యుడు వ్రాసియిచ్చిన మందులు, చుక్కలు మాత్రము ఈ నియమమునకు లోబడవు.

ఇక మన నోటినుండి తఱచుగా వెలువడు నొకమాట కలదు. బిడ్డ రెండుమాఱు లెక్కువగా ఏడ్చినంతనే, "పాపం, పిల్లకు పాలు పడలేదు" అందుము. ఆ మాట విన్న బాలింత బెదరిపోవును. చెలమలో నీరు తోడిన కొలది ఊరునట్లు, బిడ్డ కుడిచిన కొలది పాలు ఊరును. డబ్బాపాలు పోసిన కొలది బిడ్డ రొమ్ము కుడుచుట తగ్గును, కుడుచుట తగ్గిన కొలది పాలు తగ్గును, అప్పుడు మనము, "చూచితిరా, నేను చెప్పలేదా?" అందుము. మొదటి వారము గడచిన పిదప బిడ్డ పగలు రాత్రి కలిపి ఆఱుమాఱులకు తక్కువ కాకుండ మూత్రము పోయుచు, నెలనెలకు బరువు పెరుగుచున్నచో, పాలు చాలుచున్నవనియే తెలిసికొనవలెను.

పాలు నిజముగా తగ్గుటకు బాలింతకు తగిన తిండి, విశ్రాంతి, ధైర్యము లేకపోవుటయు తోడ్పడును. పథ్యమని పేరు పెట్టి కారపుపొడి మెతుకులతో, గ్రుక్కెడు నీళ్లతో నెలల తరబడి బాలింతను మాడ్చు ఇండ్లు నే నెఱుగుదును. పాలిచ్చు తల్లికి మొదటి ఆఱు నెలలందు దినమునకు సుమారు 600 కేలరీల ఆహారము అదనముగా కావలెనని జాతీయ పోషకాహార సంస్థవారు సూచించియున్నారు. ఆ సంస్థ 1918లో కూనూరున మొదలై, 1958లో మన హైదరాబాదునకు తరలివచ్చినది. 600 కేలరీలనగా మఱియొక పూట భోజనమని లెక్క. పప్పు, ఆకుకూర, పాలు, పెరుగు, తినువారికి గ్రుడ్డు, చేప, వీనిలో దేనినిగాని బాలింతకు నిషేధించుటకు సాధారణముగా కారణము లేదు. పాడిగేదెకు తవుడు తెలికపిండి కొలిచి పెట్టుదుము గదా!

పాలు పోయు పాత్రల సంగతి చెప్పెదను. తల్లి రొమ్ము అందని బిడ్డకై మనుష్యులు వేలయేండ్లుగా ఏవో పాత్రలను కల్పించుకొనుచునే యున్నారు. జర్మనీ దేశమున బవేరియా ప్రాంతమందు, ఇంచుమించు మూడువేల యేండ్ల క్రిందటి శిశువుల సమాధులలో కొమ్ము గల చిన్న మట్టిముంతలు దొరికినవి. వాని లోపల నింకిన జిడ్డును పరీక్షించి, అవి పశువుల పాలు పోసిన పాత్రలని 2019లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. మన ఉగ్గుగిన్నెయు ఆ కోవలోనిదే. అరచేతిలో నిమిడెడు గిన్నె, ఒకప్రక్క పక్షిముక్కువంటి సన్నని కొస. తాహతు గలవారికి వెండిది, లేనివారికి మఱియొక లోహపుది. చిన్ననాటనే అలవడిన విద్యను ఉగ్గుపాలతో వచ్చినదనుట మన పలుకుబడి. తమిళులు దీనిని పాలాడై యందురు. దీనిలో మూల లేదు, సందు లేదు; వేడినీళ్లతో కడిగినచో లోపలంతయు కంటికి కనబడును. బిడ్డ తన వీలుకొలది గుటక వేయును, చాలినప్పుడు పెదవి మూయును.

ఐరోపా అమెరికా దేశములందు పందొమ్మిదవ శతాబ్దమున గాజుసీసాలు, రబ్బరు పీకలు బయలుదేరినవి. సీసాకు పొడుగుపాటి రబ్బరు గొట్టమును తగిలించి బిడ్డ ప్రక్కన పెట్టినచో, తల్లి తన పనికి పోవచ్చును. బిడ్డ తానే చీకుకొనుచుండును. చూచుటకు గొప్ప సౌకర్యము. కాని గొట్టము లోపలిభాగమును శుభ్రపఱచుట అసాధ్యమగుటచే, అందు పాలు పులిసి సూక్ష్మజీవులు పెరిగెను. ఆ పాలు త్రాగిన పసికందు లెందఱో విరేచనములతో మరణించిరి. ఇంగ్లండులో జనులే వానికి హంతకసీసాలని పేరు పెట్టిరి. ఫ్రాన్సుదేశము 1910లో ఆ గొట్టపుసీసాలను శాసనముచే నిషేధించినది. నేటి సీసాకు గొట్టము లేదు. అయినను పీక సందులలో పాలజిడ్డు నిలుచుట మానలేదు. ప్రతిమాఱును విడదీసి, తోమి, నీళ్లలో మరగించి వాడునంత తీరిక, వంటచెఱకు, మంచినీరు అన్ని యిండ్లలో నుండవు. డబ్బా వెల యెక్కువగుటచే పొడి తగ్గించి నీళ్లు పెంచుటయు కలదు. సీసా నిండుగానే కనబడును, బిడ్డ మాత్రము కృశించును.

సిసిలీ విలియమ్సు అను వైద్యురాలు 1939లో సింగపూరునందు పాలు, హత్య అను రెండుమాటలను జోడించి పేరు పెట్టి ఉపన్యసించి, తల్లిపాలకు బదులు డబ్బాపాలను అంటగట్టు ప్రచారమును తీవ్రముగా ఖండించెను. 1981లో ప్రపంచ ఆరోగ్యసభ అట్టి వ్యాపారప్రచారమును అదుపుచేయుటకై ఒక నియమావళిని అంగీకరించినది. మన పార్లమెంటు 1992లో ఇందుకై చట్టము చేసి, 2003లో దానిని మఱింత బిగించినది. డబ్బాపాలను, పాలసీసాలను, రెండేండ్లలోపు పిల్లల ఆహారములను ప్రకటనలచే ప్రచారము చేయరాదు. తల్లులకు ఉచితముగా పంచరాదు. డబ్బాపై తల్లిబొమ్మగాని బిడ్డబొమ్మగాని వేయరాదు. ఈ సంగతి మీ యూరి దుకాణదారునకు తెలియకపోయినచో మీరైనను తెలుపుడు.

అయితే తల్లి జబ్బుపడవచ్చును. దైవవశమున తల్లియే లేకపోవచ్చును. బిడ్డ నెలలు నిండక పుట్టి రొమ్ము పట్టుకొనలేకపోవచ్చును. అట్టి బిడ్డకు సీసా పట్టిన తల్లినిగాని, అమ్మమ్మనుగాని నిందించుట పాపము. నెలలు నిండని శిశువులకు పిండిన తల్లిపాలను పాలాడైతోను, చిన్న గిన్నెతోను పోయుట మన దేశపు శిశువైద్యశాలలలో నేటికిని జరుగుచున్నది. తల్లిపాలు బొత్తిగా దొరకనప్పుడు, ఏ పాలు, ఎంత కొలత, ఎట్లు కలుపవలెనో వైద్యునివలననే తెలిసికొని, ఆ కొలత తప్పకుండ గిన్నెతో పోయుట మేలు.

కార్యాలయములందు, కర్మాగారములందు పనిచేయు స్త్రీలకు 2017లో సవరింపబడిన చట్టమువలన మొదటి యిద్దఱు బిడ్డలకు 26 వారముల జీతముతోడి సెలవు ఏర్పడినది. నాట్లకు, కలుపునకు, పత్తితీతకు పోవు తల్లికి ఆ సెలవు నిచ్చువా రెవరు? ఆమెను పనికి పిలుచు ఆసాములు మీలో నున్నారు. చేనిగట్టున చెట్టునీడను ఉయ్యాల కట్టుకొననిచ్చి, నడుమ నడుమ బిడ్డకు పాలిచ్చి వచ్చుటకు పావుగంట విడిచినచో మీ పంట తగ్గదు. బిడ్డను ఇంట వదలిపోవలసి వచ్చినచో, తల్లి శుభ్రమైన మూతగిన్నెలో పాలు పిండి పోవచ్చును. చల్లనిచోట వానిని నాలుగు గంటలలోపల, మన వేసవియందు ఇంకను ముందుగా, ఉగ్గుగిన్నెతో పట్టవలెను. అటకమీదనున్న ఉగ్గుగిన్నెకు ఇదియే ఇప్పటి పని.

ఆఱు నెలలు నిండిన పిదప అన్నప్రాశనము. మనుస్మృతి దీనిని ఆఱవ మాసమున చెప్పినది. సుశ్రుతుడును ఆఱవ మాసముననే తేలికయై హితమైన అన్నమును పెట్టుమనెను. ఆఱు నెలలు నిండినంతనే పాలతోపాటు ఆహారము నారంభింపుడని నేటి వైద్యశాస్త్రము చెప్పుచున్నది. కాని మనము చేయునదేమి? ముహూర్తము పెట్టించి, బంధువులను పిలిచి, పరమాన్నము నాకించి, పుస్తకమును, బంగారమును ముందుంచి బిడ్డ దేనిని పట్టుకొనునో యని వేడుక చూచి, మఱునాటినుండి మరల పాలతోనే సరిపెట్టుదుము. తొమ్మిదవ నెల వచ్చినను పప్పుమీది తేట, గంజినీళ్లు మాత్రమే. ఆ నీళ్లలో బలము లేదు. ఎనిమిదవ నెల వఱకు దినమునకు రెండు మూడు పూటలు, తొమ్మిదవ నెలనుండి మూడు నాలుగు పూటలు, చెంచానుండి జాఱిపోనంత చిక్కగా మెదిపిన అన్నము, పప్పు, ఆకుకూర, కొంచెము నెయ్యియో నూనెయో కలిపి పెట్టవలెను. అంగన్‌వాడీ కేంద్రములందు ఏడవ మాసమునుండి మూడేండ్ల వఱకు బాలామృతమను పిండి నిచ్చుచున్నారు. దానిని తెచ్చి యింటిల్లిపాది పంచుకొనక బిడ్డకే పెట్టవలెను. రెండేండ్లు నిండువఱకు, ఇష్టమైనచో ఆపైనను, తల్లిపాలును సాగవచ్చును.

పాలు మాన్పించుట ఒక్కసారిగా జరుగరాదు. నేను పేర్కొన్న సిసిలీ విలియమ్సే, ఇప్పుడు ఘనా యనబడు దేశమున పనిచేయుచు, కాళ్లు ఉబ్బి, జుట్టు రంగు మాఱి కృశించు పసిపిల్లల వ్యాధిని 1930ల దశకమున వర్ణించెను. అచ్చటి జనులు దానిని క్వాషియార్కర్ అనుచుండిరి. తఱువాతి బిడ్డ కలిగినప్పుడు ముందు బిడ్డకు వచ్చు జబ్బని దాని భావము. ఎడబిడ్డ రాగానే పెద్దబిడ్డకు పాలును పోయెను, బలమైన తిండియు లేకపోయెను. బిడ్డను తన కాళ్లమీద నిలువనిచ్చుట వేఱు, దిక్కులేనిదానిగా వదలివేయుట వేఱు. కాన్పునకు కాన్పునకు నడుమ మూడేండ్లైనను ఎడముండుట తల్లికిని, ఇద్దఱు బిడ్డలకును క్షేమము. మనుమని కొఱకు తొందరపెట్టు మనము ఈ మాట గుర్తుంచుకొనవలెను.

ఏడాది నిండునప్పటికి బిడ్డ కంచములో చేయి పెట్టును. అన్నము నేలపాలగును, మొగమంతయు పులుముకొనును. అప్పుడు చేయి పట్టి లాగవలదు. ఆ మెతుకులే బిడ్డకు మొదటి పాఠము. కంచము వేఱుగా పెట్టి, కొంత తాను తిననిచ్చి, కొంత మనము తినిపింపవలెను. పూర్వము గోరుముద్దలు పెట్టుచు చందమామను చూపెడివారము. బిడ్డ చందమామను చూచెను, తల్లి మాటను వినెను, తానును "ఊ" కొట్టెను. నేడు ముద్దకు ముద్దకు నడుమ సెల్‌ఫోను చూపుచున్నారు. బిడ్డ చూపు దానిమీద నిలిచియుండగా నోటిలో నేమి పడినదో, కడుపు నిండినదో లేదో దానికే తెలియదు. ఏడాదిలోపు పిల్లలకు అట్టి తెఱలు బొత్తిగా వలదనియు, రెండు మొదలు నాలుగేండ్ల వారికి దినమునకు గంట మించరాదనియు 2019లో ప్రపంచ ఆరోగ్యసంస్థ హెచ్చరించినది. కొడుకు పనికి, కోడలు పనికి పోయిన యింట ఆ ఫోను పట్టించువారము తఱచుగా తాతలమే. మనకు కథలు రావా?

నడక నేర్పు సాధనములందును ఇదే భేదము. వడ్రంగి చేసిన మూడుచక్రముల నడకబండిని బిడ్డ తానే నిలిచి, తానే త్రోయును. పట్టు తప్పినచో చతికిలబడి మరల లేచును. ఇప్పుడు బిడ్డను నడుమ కూర్చుండబెట్టు చక్రపుబండ్లు అంగళ్లలో దొరకుచున్నవి. వానిలో బిడ్డ నిలువదు, వ్రేలాడుచు దొర్లును. వానివలన నడక ముందుగా రాదనియు, మెట్లమీదినుండి పడుట మొదలగు ప్రమాదములు కలుగుననియు వైద్యులు చెప్పుదురు. కెనడా దేశము 2004లో వాని అమ్మకమును నిషేధించినది. ఆసరా లేక నడచుట ఎనిమిదవ నెల దాటినది మొదలు పదునెనిమిదవ నెల లోపల ఎప్పుడైనను రావచ్చునని, మన దేశముతో కలిపి అయిదు దేశముల బిడ్డలను పరిశీలించి ప్రపంచ ఆరోగ్యసంస్థవారు 2006లో వెల్లడించిరి. పొరుగింటి బిడ్డ పదవ నెలలో నడచినదని కోడలిని దెప్పవలసిన పని లేదు. పదునెనిమిది నెలలు దాటినను నడక రానిచో వైద్యునికి చూపవలెను.

మూడు నాలుగేండ్లు వచ్చిన బిడ్డ తన చెంబు తాను తెచ్చుకొనగలదు, చొక్కా తొడుగుకొనగలదు, తిన్న కంచమును తీయగలదు. ఇచ్చట మన యిండ్లలో నొక పక్షపాతము కనబడును. ఆడుపిల్ల యెనిమిదేండ్లకే తమ్ముని చంకనెత్తుకొని, బిందె పట్టి, పొయ్యి రాజవేయును. మగపిల్లవాడు ఇరువదేండ్లు వచ్చినను తన కంచము తాను తీయడు. ఒకరికి బాల్యము లేకుండ చేసితిమి, రెండవవానికి పనిపాటలు రాకుండ చేసితిమి. పని ఇరువురికిని ఈడునకు తగినట్లు పంచినచో ఇరువురును బాగుపడుదురు. రేపు ఆ పిల్లవాని యింట బిడ్డ పుట్టినప్పుడు, రాత్రి లేచి ఉయ్యాల నూపుటకు వాడు సిగ్గుపడడు.

బడిలో నేను చూచిన సంగతి యొకటి చెప్పెదను. మూడవ తరగతి చదువుచున్న ఎనిమిదేండ్ల పిల్లవానికి తల్లి ప్రతిమధ్యాహ్నమును క్యారియరు తెచ్చి, వేపచెట్టు క్రింద కూర్చుండబెట్టి, కలిపి ముద్దలు తినిపించుచుండెను. తక్కిన పిల్లలు నవ్వుచుండిరి. వాడు తల వంచుకొని నమలుచుండెను. నేనామెను ప్రక్కకు పిలిచి, "అమ్మా, వాడు తినగలడు గదా, చేతికి ఇయ్యరాదా?" అంటిని. ఆమె కన్నులు తుడుచుకొని, "మీరన్నది నిజమే పంతులుగారూ! కాని నేను తినిపించి రాలేదంటే మా అత్తగారు నన్ను ఇంట్లో నిలవనీయరండి. వాడు కాస్త చిక్కితే ఆ మాట నాకే తగులుతుంది" అనెను. ఆ సాయంత్రమే నేను ఆ పెద్దమ్మ దగ్గఱకు పోయి, మనుమని బడి చూచుటకు రమ్మని ఆహ్వానించితిని. ఆమె మఱునాడు వచ్చి వసారాలో కూర్చుండెను. క్యారియరు వానిచేతి కిచ్చితిమి. వాడు మొదట నటునిటు చూచెను. పిదప మూత తీసి, తోటిపిల్లల ప్రక్కకు జరిగి, మెతుకు మిగులకుండ తినెను. నాయనమ్మ నావంక చూచి, "ఇంట్లో ఇంత తినడు నాయనా" అనెను. ఆ కోడలు మరల మధ్యాహ్నము బడికి రాలేదు. ఆమెకు ఆ సెలవు నిచ్చినది నేను గాను, చదువు గాదు. ఆ యింటి పెద్దమ్మ.

బడిలో క్రొత్తగా చేరు బిడ్డకు అక్షరములు రావలెనని పలువురు తల్లులు తొందరపడుదురు. అవి నేర్పుటకే పంతుళ్లున్నారు. అంతకన్న ముందు బిడ్డకు తన పేరు, ఊరు, తల్లిదండ్రుల పేర్లు చెప్పుట రావలెను. చేతులు కడుగుకొని తినుట, బయటికి పోవలసినచో అడుగుట, తన వస్తువును గుర్తుపట్టుట రావలెను. ఎవరైన కొట్టినచో, తాకరాని విధముగా తాకినచో, దాచక యింట చెప్పుట రావలెను. ఇవి వచ్చిన బిడ్డ మొదటి వారము ఏడ్చినను రెండవ వారమున స్థిమితపడుటను నేనెన్నో ఏండ్లు చూచితిని.

స్వతంత్రము నిచ్చుట యనగా కావలి మానుట కాదు. మోకాలు దోకుకొనిపోవుట బాల్యములో నొక భాగము; చెఱువు, మూతలేని బావి, తెగిన కరెంటుతీగ, లారీలు తిరుగు రోడ్డు మాత్రము ఆటస్థలములు కావు. మొదటివానికి తల్లిని తిట్టుచు, రెండవవానిని పట్టించుకొనకుండుట మన గ్రామములందు జరుగుచున్నది. బావికి గట్టు, గట్టుమీద మూత, బడిముందు రోడ్డుకు వేగనిరోధకము, ఇవి ఒంటరి తల్లి చేయగల పనులు కావు. పంచాయతీలో కూర్చుండు మీరు చేయవలసినవి.

కావున పెద్దలకు నా మనవి యిది. పురిటింట మాట చెప్పునప్పుడు వైద్యుని మాటను ముందు వినుడు. బాలింత కంచమును మీరే యొకమాఱు చూడుడు. బిడ్డ బోరగిలిన దినమునుండి బడికి పోవు దినము వఱకు, తల్లి యొక్కొక్క వ్రేలు వదలుచుండగా, "అయ్యో, వదలివేసినదే" యని నిందింపకుడు. మంచి తల్లియని పేరు తెచ్చుకొనుటకై బిడ్డను చంక దింపలేని తల్లులు మనలో కలరు. ఆ పేరు నిచ్చువారము మనమే. నడచిన బిడ్డకు అరిసెలు పంచునప్పుడు, నడువనిచ్చిన తల్లికి ఒక మంచిమాటను కూడ పంచుడు. మరల బిడ్డ పదియేండ్లప్పుడు ఒంటరిగా అంగడికి పోయి చిల్లర సరిగా తెచ్చిన దినమున, పదునెనిమిదేండ్లప్పుడు పై చదువునకు పెట్టె సర్దుకొన్న దినమున, అది కొడుకైనను కూతురైనను, ఇంట పిండివంట చేయింపుడు. ఆ దినములకు పేరు పెట్టిన పిండివంటలు మన పూర్వులు చెప్పిపోలేదు. మనమే ఏర్పఱచుకొందము.